సీటు కింద దేవుడు

విశాఖపట్నంలో కొండలకు కొదవ లేదు. ఒక పక్క కైలాసగిరి, ఇంకో పక్క సింహాచలం, సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్, ఊళ్లోకే వచ్చి కూర్చున్న కంబాలకొండ. తూర్పు కనుమలు ఇంత ఓపిగ్గా ఇంటి గుమ్మం దాకా వచ్చిన ఊళ్లో మౌంటెన్ సైకిల్ కొనాలన్న కోరిక పుట్టడం సహజమే. అయితే పదో పదిహేనో వేలు జేబులో పెట్టుకుని షాపుకి బయల్దేరిన విశాఖవాసి బుర్రలో ఉండే ప్రశ్న ఒక్కటే. ఇది కొండ ఎక్కుతుందా అని కాదు. దిగేటప్పుడు ఆగుతుందా అని అసలే కాదు. వెనకాల స్ప్రింగు ఉందా, లేదా?

ఉండాలి. సీటు కింద, అందరికీ కనబడేలా, వీలైతే ఎర్రగా, కుదరకపోతే పచ్చగా ఉండాలి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి ఎలాగూ ఉంటుంది, వెనక కూడా ఉంటే దాన్ని డబుల్ షాకబ్జర్ అంటారు. అది లేని సైకిల్ పాలవాడు తొక్కుతాడు, పేపరు వేసే కుర్రాడు తొక్కుతాడు. ట్యూషన్‌కి వెళ్లే పదో తరగతి కుర్రాడు మాత్రం తొక్కడు. వాడికీ ఓ పరువుంది.

ఈ స్ప్రింగుని నేను చాలాకాలంగా శాస్త్రీయ దృష్టితో గమనిస్తున్నాను. తేలిందేమిటంటే, దాని పని సైకిల్ రోడ్డెక్కకముందే పూర్తయిపోతుంది. అది షాపులో పనిచేస్తుంది. షాపులోనే పనిచేస్తుంది.

ఈ మధ్య ఓ షాపులో ఆ కార్యక్రమాన్ని మొదట్నుంచీ చివరిదాకా చూసే భాగ్యం కలిగింది. షాపు పేరు వద్దు, ఏ షాపుకి వెళ్లినా ఇదే తంతు. తండ్రి, తల్లి, తాతగారు, ఎవరి కోసం సైకిల్ కొంటున్నారో ఆ కుర్రాడు. సేల్స్ కుర్రాడు "ఇది సూడండి సార్, డబుల్ షాకబ్జర్" అంటూ రెండు అరచేతులూ సీటు మీద పెట్టి, ఒంట్లో బరువంతా వేసి నొక్కాడు. స్ప్రింగు కిందికి వెళ్లింది, పైకి వచ్చింది, కుయ్యిమంది. కుటుంబం మొత్తం ఒక అడుగు ముందుకేసింది.

ముందు తండ్రి నొక్కాడు. నొక్కి చేతులు దులుపుకున్నాడు. ఏమీ తేల్చకుండా ఫైళ్లు పైకి పంపే ఉద్యోగం అయ్యుంటుంది, భార్య వైపు చూశాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగు కొడుక్కిచ్చి, తనూ నొక్కి, "పర్లేదండి, వస్తోంది" అంది. ఏమొస్తోందో ఎవరూ అడగలేదు. తర్వాత తాతగారి వంతు. ఆయన కళ్లజోడు సర్దుకుని, దూదిపరుపు బేరం చేసేవాడిలా సీటు మీద మూడు చోట్ల నొక్కి చూసి, "మెత్తగానే ఉందిరా" అని తీర్పిచ్చారు. ట్యూబు కొనడానికి వచ్చిన ఓ పెద్దమనిషి, ఈ కుటుంబంతో ఏ బంధుత్వమూ లేకపోయినా, పోతూ పోతూ తనూ ఓసారి నొక్కి పోయాడు.

అప్పుడు తాతగారి చూపు స్ప్రింగు మీది తెల్ల అక్షరాల మీద పడింది. '850 ఎల్బీఎస్' అని ఉంది.

"అదేటి బాబూ?"

"850 కేజీలు మోస్తాదండి."

తల్లి కొడుకు వైపు చూసింది. కుర్రాడు 40 కిలోలుంటాడేమో. ఎదిగే పిల్లాడు కదా అన్న ఆశతో తలూపింది.

నిజానికి ఎల్బీఎస్ అంటే కేజీలు కాదు, పౌన్లు. ఆ అంకె మోసే బరువూ కాదు. ఆ స్ప్రింగుని ఒక అంగుళం నొక్కాలంటే 850 పౌన్ల బలం కావాలని అర్థం. దగ్గర దగ్గర 385 కిలోలు. సైకిల్ వెనక భాగం లీవరులా సాయం చేస్తుంది కాబట్టి తండ్రిగారి పొట్టకి ఆ మాత్రం కదిలింది. 40 కిలోల కుర్రాడు కూర్చుంటే అది కదలడానికి పెద్దగా మనసుపడదు. అంటే ఎవరి కోసం కొంటున్నారో వాడి కింద అది స్ప్రింగు కాదు, ఉత్త ఇనుము. ఈ విషయం చెబుదామని నోరు తెరిచాను. తాతగారు రెండోసారి నొక్కుతున్నారు. మూసుకున్నాను.

ఇంత జరిగినా ఆ కుర్రాణ్ణి సైకిల్ ఎక్కి చూడమని ఎవరూ అనలేదు. కాళ్లు నేలకి అందుతాయా లేదా చూడలేదు. అందరూ అన్నీ నొక్కారు, బెల్లు కూడా నొక్కారు. బ్రేకు ఒక్కటే ఎవరూ నొక్కలేదు.

స్ప్రింగు మీద నాకు వ్యక్తిగత కక్ష లేదు. అసలైన షాకబ్జర్‌లో స్ప్రింగు సగం కథే. మిగతా సగం లోపల ఉండే నూనె. చిన్న చిన్న రంధ్రాల్లోంచి అది అటూ ఇటూ పోతూ ఎగుడుదిగుడుల బలాన్ని మింగేస్తుంది. మన పన్నెండు వేల సైకిల్లో ఆ నూనె ఉండదు. గుంతలో పడి ఎంత కిందికి వెళ్తే అంత పైకి విసిరేస్తుంది. కాస్త బరువైన మనిషి తొక్కితే ఎక్కుడులో ప్రతి తొక్కుడులోనూ కొంత బలం చక్రానికి పోకుండా స్ప్రింగుకి పోతుంది. కైలాసగిరి ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి మనిషి కిందా మీదా అవుతుంటాడు గానీ ముందుకి పోడు. పైగా ఈ సైకిళ్లు చాలావరకు 18 కిలోల పైమాటే. ఇక మన సముద్రపు గాలి సంగతి తెలిసిందే, కిటికీ గ్రిల్లునే బతకనివ్వదు. వెనక భాగం మడత పడే చోట ఉండే బోల్టూ బుష్షూ ఆ ఉప్పుకి ఒక్క వర్షాకాలంలో కిర్రు కిర్రుమనడం మొదలుపెడతాయి. తర్వాత వదులవుతాయి. వెనక చక్రం ఓ దారి, ముందు చక్రం ఓ దారి.

మంచి కంపెనీ వెనక షాకబ్జర్ ఒక్కటి కొంటే ఈ సైకిల్ మొత్తం ఖరీదుకన్నా ఎక్కువవుతుంది. నిజంగా కొండల్లో తొక్కే డబుల్ షాకబ్జర్ సైకిల్ కావాలంటే లక్ష దాటితే గానీ మాట్లాడరు. మరి పన్నెండు వేలకే ఇదెలా ఇస్తున్నారు? ఎక్కడో కోసి ఇక్కడ పెట్టారు. కోసింది బేరింగుల్లో, రిమ్ముల్లో, బ్రేకుల్లో.

అసలు కొండల్లో సైకిల్ తొక్కే ఈ ఆట పుట్టిన చోట స్ప్రింగన్నదే లేదు. 1976 అక్టోబరు 21న అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, కొంతమంది కుర్రాళ్లు ఓ కొండ మీది మట్టిరోడ్డులో సైకిళ్లతో కిందికి పందెం వేసుకున్నారు. ఎక్కినవి ఎప్పటివో పాత ష్విన్ కంపెనీ సైకిళ్లు, లావు టైర్లు, స్ప్రింగు సున్నా. దిగే వేగానికి వెనక చక్రం నడిమధ్య హబ్బులో ఉండే బ్రేకు కాలిపోయి లోపలి గ్రీజు పొగైపోయేది. దిగాక మళ్లీ గ్రీజు కూరుకోవాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి 'రీప్యాక్' అన్న పేరు. ముందు చక్రానికి షాకబ్జర్ ఉన్న ఫోర్కు, రాక్‌షాక్స్ కంపెనీది, బజార్లోకి వచ్చింది 1989లో. అంటే పదమూడేళ్లపాటు కొండలు దిగినవాళ్ల తలనొప్పి బ్రేకు. మనం కొనేది స్ప్రింగు.

ఇక్కడ నాకు నవ్వు రావడం మానేస్తుంది. ఆ షాపులోంచి బయటికొచ్చిన కుర్రాడు వచ్చే ఆదివారం స్నేహితులతో కైలాసగిరి ఎక్కుతాడు. ఎక్కితే దిగాలి. 18 కిలోల ఇనుము, 40 కిలోల పిల్లాడు, మలుపుల వాలు. వాడి వేళ్ల కింద ఉన్నది రేకు ఒత్తి చేసిన చవక డిస్క్ బ్రేకు. కేబుల్‌తో పనిచేసే ఆ బ్రేకుల్లో చాలావాటికి ఒక పక్క ప్యాడే కదులుతుంది. అది డిస్కుని నెట్టి రెండో పక్క ప్యాడ్‌కి ఆనించాలి. సరిగ్గా బిగిస్తే అదీ ఆగుతుంది. ఎవరు బిగించారు? షాపు కుర్రాడు సీటు నొక్కే పనిలో ఉన్నాడు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే '85 శాతం బిగించి' పంపుతారు. మిగిలిన 15 శాతంలో ఏముంటాయంటే హ్యాండిల్, ముందు చక్రం, పెడళ్లు, బ్రేకు! ప్రాణానికి సంబంధించినవన్నీ ఏరి కోరి కస్టమరుకి వదిలేశారు. ముందు ఫోర్కు వెనక్కి తిరిగి ఉన్న సైకిళ్లు బీచ్ రోడ్డులో పొద్దున్నే కనిపిస్తుంటాయి. నడిపే పిల్లాడికి తెలీదు, వాడి తండ్రికీ తెలీదు.

పెట్టెలో ఓ చిన్న పుస్తకం కూడా వస్తుంది. ఇలాంటి చాలా సైకిళ్ల పుస్తకాల్లో ఓ మూల, కళ్లు చికిలించుకుని చూస్తే, ఒక వాక్యం ఉంటుంది. ఈ సైకిల్ కొండదారుల్లో తొక్కడానికి, గెంతించడానికి ఉద్దేశించినది కాదని. ఫ్రేము మీద బారెడు అక్షరాలతో 'మౌంటెన్' అని రాస్తారు. పుస్తకంలో మౌంటెన్ ఎక్కొద్దని రాస్తారు. ఇది మోసం. దీనికి ఇంకో మర్యాదైన పేరు నేను వెతకను. పిల్లాడు పడి మూతి పగిలితే తప్పు వాడిదేనని పడకముందే కాగితం రాసి పెట్టుకున్నారు. ఇలాంటి సైకిళ్లు కొనేది ఎవరు? ఆటో నడుపుకునే తండ్రి, మిషన్ కుట్టుకునే తల్లి, ఏడాదంతా దాచి కొంటారు. వాళ్లు ఆ పుస్తకం చదువుతారా? చదవరనే గదా రాసింది! అయ్యా కంపెనీవాళ్లూ, స్ప్రింగుకి ఎర్రరంగు వేయడానికి మీ దగ్గర డబ్బుంటుంది, బ్రేకు ప్యాడ్ మీద పెట్టడానికి వంద రూపాయలు ఉండవా?

సరే. మళ్లీ గంభీరంగా మాట్లాడుకుందాం.

స్ప్రింగు లేకుండానే బతకగలమనుకునే సాహసవంతులు ఊళ్లో ఒకరో ఇద్దరో ఉంటే, వాళ్లకో మాట. వెనక ఏమీ లేని అల్యూమినియం ఫ్రేము చూడండి. ముందు ఫోర్కు మామూలు ఇనప కడ్డీ అయినా ఫర్వాలేదు, నిజానికి ఈ ధరలో అదే మేలు. ఫ్రేము పై గొట్టానికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే పాదాలు రెండూ నేల మీద ఆనాలి, గొట్టానికీ మీకూ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. పెరుగుతాడు కదాని పెద్ద సైజు కొనకండి, పెరిగేలోపు దెబ్బలు తగిలించుకుంటాడు. రిమ్ముని పట్టుకునే మామూలు వి-బ్రేకులు చవక డిస్కుకన్నా చాలా నయం, వానలో కాస్త ఆలస్యంగా పడతాయంతే. ముందు బ్రేకు గట్టిగా నొక్కి సైకిల్ని ముందుకి తోసి చూడండి. చక్రం దొర్లకూడదు, లీవరు వచ్చి పిడికి ఆనకూడదు. గేర్ల గురించి ఎక్కువ మాట్లాడను. ముందు మూడు, వెనక ఏడు, మూడేళ్లు ఇరవై ఒకటి, అందులో చాలా గేర్లు ఒకదాన్నొకటి కాపీ కొట్టినవే.

షాకబ్జర్ లేకపోతే ఎలాగంటారా? ఉంది. 1888లో డన్‌లప్ గాలి టైరు తయారుచేసినప్పటినుంచీ పనిచేస్తూనే ఉంది. రెండంగుళాల టైరు వేసుకుని, టైరు పక్కన రాసిన హద్దుల్లోనే కాస్త గాలి తగ్గించండి. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీకి తవ్వి పూడ్చిన మన రోడ్లకి అది చాలు. భీమిలి దాకా హాయిగా పోవచ్చు. ఎర్రమట్టి దిబ్బల మీదికి మాత్రం ఎక్కించకండి, వాటిని పాడుచేయడానికి ఇప్పటికే చాలామంది ఉన్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది. ఆ మిగిలిన ఏడెనిమిది వందలు హెల్మెట్ ఖాతాలో వేయండి. స్టాండూ, బాటిల్ పెట్టుకునే రింగూ ఉచితంగా ఇస్తారు షాపుల్లో. హెల్మెట్ ఉచితంగా ఇచ్చిన షాపు నేనింకా చూడలేదు.

సెకండ్ హ్యాండ్ ఇంకా మంచిది. ఈ విషయంలో మన ఊరిది పెట్టి పుట్టిన జాతకం. తూర్పు నౌకాదళం ఇక్కడే ఉంది, వాళ్లకి బదిలీలు తప్పవు. సామాన్లు సర్దుకునే వేళ మంచి మంచి సైకిళ్లు సగం ధరకి అమ్మేస్తుంటారు. మా పక్కింటాయనకి ఇదంతా విడమర్చి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. స్ప్రింగు వట్టి భ్రమ అన్నాను, భ్రమేనండీ అన్నాడు. బ్రేకే ప్రాణం అన్నాను, ప్రాణమేనండీ అన్నాడు. బదిలీ మీద వెళ్లిపోతున్న ఓ కుటుంబం దగ్గరికి నేనే తీసుకెళ్లాను. చక్కటి సైకిల్. వెనక స్ప్రింగు లేదు, గొలుసు సాగలేదు, రిమ్ము వంకర లేదు, బ్రేకు పట్టిందంటే కదలదు. అన్నీ చూపించాను. ఆయన అన్నిటికీ తలూపి, నేను అటు తిరగ్గానే రెండు చేతులూ సీటు మీద పెట్టి ఒక్క నొక్కు నొక్కాడు. కదల్లేదు. మళ్లీ నొక్కాడు. నా చెవి దగ్గరికి వచ్చి, "వెనక షాకబ్జర్ జామైపోయిందండి, రెండు వేలు తగ్గించమందాం" అన్నాడు.