లెక్క చెప్పినవారిపై వేటు

బాలింతలు ఎందుకు చనిపోతున్నారో తేల్చమని ప్రభుత్వమే వేసిన కమిటీ అది. తేల్చింది. తేల్చిన మాట బయటికి పొక్కేసరికి, సభ్యులు 32 మందినీ ఒక్క లేఖతో ఇంటికి పంపేశారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2024 నవంబరులో జరిగిన నిర్వాకమిది. ఆ తర్వాత కొత్త కమిటీ వేశామన్నారు. అందులో ఎవరున్నారని అడిగితే చెప్పబోమన్నారు. పాత కమిటీ సభ్యుల పేర్లు అందరికీ తెలిసినవే. రహస్యం అవసరమైంది చావుల కారణం చట్టం దాకా వచ్చాకే.

పొక్కిన సంగతి ఇది. గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన రో వర్సెస్ వేడ్ తీర్పును 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. నెల తిరగకుండానే జార్జియాలో ఆరు వారాలు దాటిన గర్భాన్ని తీసేయడం, కొద్ది మినహాయింపులు తప్ప, నేరమైంది. తర్వాతి నెలలో 28 ఏళ్ల నల్లజాతి మహిళ, ఒక బిడ్డ తల్లి, ఆసుపత్రిలో చనిపోయింది. గర్భస్రావం మాత్రలు వేసుకున్నాక లోపల కొంత మిగిలిపోయి చీము పట్టింది, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. ఇలాంటప్పుడు చేయవలసింది డీఅండ్‌సీ, అంటే గర్భసంచిలో మిగిలినదాన్ని తీసి శుభ్రం చేసే, గర్భస్రావానికీ వాడే చిన్న ఆపరేషన్. వైద్యవిద్యార్థికి కూడా తెలిసిన, నిమిషాల్లో ముగిసే పని. ఆ నిమిషాల పనికి పట్టిన ఆలస్యం సుమారు 20 గంటలు. ఈలోగా రక్తపోటు పడిపోయింది, అవయవాలు ఒక్కొక్కటిగా చేతులెత్తేశాయి. సకాలంలో చేసి ఉంటే బతికే అవకాశం బాగా ఉండేదని కమిటీ రాసింది. చట్టానికి భయపడి ఆసుపత్రి గడప తొక్కని 41 ఏళ్ల మరో మహిళ చావు కూడా నివారించదగినదేనని తేల్చింది. కమిటీ చేసిన పాపం ఇంతే.

గోప్యత ఉల్లంఘన జరిగింది కాబట్టే రద్దు చేశామని రాష్ట్ర ప్రజారోగ్య శాఖ చెబుతోంది. రోగుల వివరాలు గోప్యంగా ఉండాలన్న మాట కాదనలేం. గుట్టు విప్పిన ఒక్కరెవరో కనిపెట్టలేక 32 మందినీ సాగనంపడం గోప్యత కోసమేనంటే మాత్రం నమ్మేదెవరు?

అసలు ఈ కమిటీలు చేసే పని ఏమిటో కాస్త దగ్గరగా చూస్తే, వేటు ఎక్కడ తగిలిందో అర్థమవుతుంది. మరణ ధ్రువపత్రంలో తరచుగా కనిపించే మాట ‘గుండె ఆగిపోయింది’. ఎవరి గుండైనా చివరికి ఆగేదే. అందుకే ముందుగా మరణాల పత్రాలను జననాల పత్రాలతో, మృతశిశు కాన్పుల పత్రాలతో సరిచూసి, చనిపోవడానికి ఏడాది ముందు దాకా ఎవరు గర్భిణులో, ఎవరు బాలింతలో ఏరతారు. తర్వాత గర్భిణిగా చూపించుకున్న చీటీలు, ఆసుపత్రి కేస్‌షీట్లు, పోస్టుమార్టం నివేదిక, అవసరమైతే పోలీసు రికార్డులు సైతం ఒకచోటికి తెస్తారు. పేర్లు, ఊర్లు, ఆసుపత్రి గుర్తులు చెరిపేసి ఏ గంటకు ఏం జరిగిందో వరుసగా రాస్తారు. దాన్ని ప్రసూతి వైద్యులు, నర్సులు, మంత్రసానులు, మానసిక వైద్య నిపుణులు, సామాజిక కార్యకర్తలు చదివి ఆరు ప్రశ్నలకు జవాబివ్వాలి. ఈ చావు గర్భం వల్లేనా? మూలకారణం ఏది? ఆపగలిగేదేనా? ఏయే లోపాలు కలిశాయి? ఏం మార్చాలి? మారిస్తే ఎంత మేలు? లోపాల జాబితాలో 2020 నుంచి ‘వివక్ష’ కూడా ఒకటి. ఈ పనికి కేంద్రం నిధులిచ్చేలా 2018 డిసెంబరులో చట్టం చేసింది ట్రంప్ తొలి ప్రభుత్వమే.

ఇలా 36 రాష్ట్రాల కమిటీలు చూసిన 2017–19 నాటి మరణాల్లో 84 శాతం ఆపగలిగినవే. సగానికి పైగా, అంటే 53 శాతం, కాన్పయిన వారం తర్వాత నుంచి ఏడాది లోపు జరిగినవి. పేదల వైద్య బీమా మెడికెయిడ్ అప్పట్లో కాన్పయిన 60 రోజులకే బాలింతను వదిలేసేది. దాదాపు అన్ని రాష్ట్రాలూ ఆ గడువును ఏడాదికి పెంచాయంటే, అందుకు బలమైన ఆధారం ఇలాంటి లెక్కలే. కాలిఫోర్నియాది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఆ రాష్ట్రం 2006 నుంచి మరణాలను ఒక్కొక్కటిగా తిరగేసి, రక్తస్రావం, గుర్రపువాతం (గర్భిణికి రక్తపోటు పెరిగి ఫిట్స్ రావడం) ఈ రెండింటిలోనే కాపాడగలిగిన ప్రాణాలు ఎక్కువగా పోతున్నాయని గుర్తించింది. రక్తం ఎంత పోయిందో కంటితో అంచనా వేస్తే ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది. కాబట్టి తడిసిన ప్యాడ్లనూ గుడ్డలనూ తూచి, పొడి బరువు తీసేసి, గ్రాముకు ఒక మిల్లీలీటరు చొప్పున లెక్కగట్టమంది. మందులు, రక్తస్రావం ఆపే బెలూన్లు, కుట్లు వేసే సామగ్రి అన్నీ ఒకే బండిలో సర్ది వార్డులో ఉంచమంది. రక్తపోటు 160/110 దాటి తగ్గకపోతే గంటలోపు మందు పడాలంది. 2013 నాటికి అక్కడ ప్రసూతి మరణాల రేటు సగానికి పైగా తగ్గింది. దేశమంతటా అదే కాలంలో పెరిగింది. కమిటీ లేకపోతే ఆ బండి లేదు.

ఇప్పుడు జార్జియా చూపిన దారి చూడండి. అంకె నచ్చకపోతే అంకె రాసినవాణ్ని తీసెయ్. ఇది ఒక్క జార్జియా బుద్ధి కాదు. ఐడహో 2023 జులైలో తన కమిటీ గడువు ముగిసిపోనిచ్చింది, గోల మొదలయ్యాక మరుసటి ఏడాది తిరిగి తెచ్చుకుంది. టెక్సస్ కమిటీ 2022, 2023 మరణాలను వదిలేసి నేరుగా 2024కు వెళతానంది. పాత బకాయిలు పెరిగిపోయాయట, తాజా కేసులు చూస్తారట. గర్భస్రావ నిషేధం పూర్తిగా అమల్లోకి వచ్చాక తొలి రెండేళ్లే సరిగ్గా బకాయిల కింద పోవడం యాదృచ్ఛికమని మేము అనుకోలేం. ఇక కేంద్రం సంగతి. కాన్పయిన రెండు నుంచి ఆరు నెలల లోపు తల్లులను ఉత్తరంతో, ఫోనుతో పలకరించి, గర్భిణిగా ఉన్నప్పుడు ఏం జరిగింది, డాక్టరు ఏం చెప్పారు, ఇంట్లో పరిస్థితి ఏమిటని అడిగే సర్వే ఒకటి 1987 నుంచి నడుస్తూ వచ్చింది. ప్రామ్స్ అంటారు. 2025 ఏప్రిల్ 1న దాన్ని నడిపే, కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీలోని బృందం మొత్తాన్ని పక్కన పెట్టారు. ఒక రాష్ట్రం చేస్తే తప్పు, రెండో రాష్ట్రం చేస్తే ఆనవాయితీ, కేంద్రమే చేస్తే అదే పద్ధతి.

ఈ పద్ధతికి బలయ్యేదెవరో అంకెలే చెబుతున్నాయి. 2023లో అమెరికాలో లక్ష కాన్పులకు తెల్లజాతి మహిళలు 14.5 మంది చనిపోతే, నల్లజాతి మహిళలు 50.3 మంది. ముందటేడుతో పోలిస్తే తెల్లవారిలో, హిస్పానిక్‌లలో మరణాలు తగ్గాయి, నల్లవారిలో తగ్గలేదు. మరణ ధ్రువపత్రంలోని ‘గర్భిణి’ గడిలో పొరపాటు టిక్కుల వల్ల జాతీయ అంకె ఉబ్బిందనే పరిశోధకులు ఉన్నారు. ఉండనివ్వండి. టిక్కులు తీసేసి లెక్కగట్టినా నల్ల–తెల్ల అంతరం పోలేదు. పేదరికమే కారణమనీ తప్పించుకోలేరు. డిగ్రీ చదివిన నల్లజాతి మహిళల్లో గర్భసంబంధ మరణాల రేటు, హైస్కూలు కూడా దాటని తెల్లజాతి మహిళల కంటే ఎక్కువ.

డబ్బు, పేరు, పతకాలు కూడా అడ్డు పడలేదు. ఒలింపిక్ స్వర్ణ విజేత టోరీ బౌవీ 2023లో ఎనిమిదో నెల గర్భంతో ఇంట్లో శవమై కనిపించింది. గుర్రపువాతం వచ్చి ఉండవచ్చని పోస్టుమార్టం నివేదిక. సెరెనా విలియమ్స్ 2017లో సిజేరియన్ మరునాడు, ఊపిరితిత్తుల్లో గడ్డ కట్టింది, స్కాన్ తీయండి, రక్తం పల్చబరిచే మందు ఇవ్వండి అని తానే చెప్పుకోవలసి వచ్చింది. ముందు కాళ్లకు అల్ట్రాసౌండ్ చేశారు. స్కాన్ తీశాక ఊపిరితిత్తుల్లో గడ్డలే కనిపించాయి. సెరెనా మాటకే అంత విలువ ఉంటే, మెడికెయిడ్ కార్డుతో వచ్చిన ఇరవై ఏళ్ల పిల్ల మాట ఎవరి చెవికి ఎక్కుతుంది?

పరికరాల్లోనూ ఇదే తంతు. వేలికి తగిలించే పల్స్ ఆక్సిమీటర్ 92–96 చూపిస్తుండగా, రక్తపరీక్షలో ఆక్సిజన్ 88 కంటే తక్కువున్న సందర్భాలు తెల్లరోగుల్లో 3.6 శాతమైతే నల్లరోగుల్లో 11.7 శాతమని 2020లో బయటపడింది. ఒకసారి సిజేరియన్ అయిన స్త్రీకి మళ్లీ మామూలు కాన్పు ఎంతవరకు సాధ్యమో చెప్పే లెక్కింపు సూత్రం 2007 నుంచి వాడుకలో ఉండేది. వయసు, బరువు అన్నీ ఒకటే అయినా ‘నల్లజాతి’ అని నొక్కితే చాలు, అవకాశం తగ్గించి చూపేది. అంటే మళ్లీ కత్తికే మొగ్గు. జాతి గడి తీసేసిన సూత్రం 2021కి గానీ రాలేదు. ఈ రెండూ బయటపడింది జాతివారీగా లెక్క తీసినందుకే.

నల్లజాతి స్త్రీల గర్భంపై పెత్తనానికి అమెరికాలో చాలా పాత చరిత్ర ఉంది. ఆధునిక స్త్రీవైద్య పితామహుడని పొగిడించుకున్న మేరియన్ సిమ్స్ 1840లలో అలబామాలో బానిస స్త్రీలపై మత్తుమందు లేకుండా కోతలు కోసి ప్రయోగాలు చేశాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు నుంచి అతని విగ్రహం కదిలింది 2018లో. 1961లో మిసిసిపీలో కణితి తీయించుకోవడానికి వెళ్లిన ఫానీ లూ హేమర్‌కు చెప్పాపెట్టకుండా గర్భసంచే తీసేశారు. 1973లో అదే అలబామాలోని మోంట్‌గోమరీలో 14, 12 ఏళ్ల అక్కచెల్లెళ్లకు ప్రభుత్వ సొమ్ముతో నడిచే క్లినిక్ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించింది. చదువురాని తల్లి ఇంజెక్షన్లకనుకుని కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టింది. దావా వేస్తే, కేంద్రం నిధులతో ఏడాదికి లక్ష నుంచి లక్షన్నర మంది పేదలకు ఆపరేషన్లు అవుతున్నాయని 1974లో జడ్జి గెసెల్ తీర్పులో రాశారు. సంతకానికీ ఆపరేషన్‌కూ మధ్య 30 రోజుల గడువు, 21 ఏళ్ల కనీస వయసు వంటి నిబంధనలు ఆ కేసు ఒత్తిడితో వచ్చినవే. ఎవరో ఒకరు కాగితాలు తిరగేయబట్టే అవి వచ్చాయి. ఇవాళ జార్జియా దాచిపెట్టింది సరిగ్గా ఆ కాగితాలు తిరగేసేవాళ్లనే.

అందుకే 1994లో షికాగోలో సమావేశమైన 12 మంది నల్లజాతి మహిళలు ‘ఎంపిక హక్కు’ ఒక్కటే చాలదన్నారు. పిల్లలు వద్దనుకునే హక్కు, కావాలనుకునే హక్కు, కన్న పిల్లల్ని భద్రంగా పెంచుకునే హక్కు, మూడూ కలిస్తేనే పునరుత్పత్తి న్యాయమన్నారు. మొదటిదానికి 1976 నుంచి హైడ్ సవరణ అడ్డు: మెడికెయిడ్ కేంద్ర నిధులతో, కొద్ది మినహాయింపులు తప్ప, గర్భస్రావం కుదరదు, డబ్బున్నవారికి మాత్రం విమానం టికెట్టు ఉంటుంది. రెండో దానికి వార్డులోని నిర్లక్ష్యం అడ్డు. మూడోదానికి 2025 జులై 4న సంతకమైన చట్టం మెడికెయిడ్‌కు పెట్టిన కోత అడ్డు. నల్లజాతి కాన్పుల్లో సుమారు మూడింట రెండు వంతుల ఖర్చు భరించేది మెడికెయిడే. జార్జియా ఈ బీమాను పేదలందరికీ విస్తరించడానికి ఇప్పటికీ ఒప్పుకోలేదు. 159 కౌంటీల్లో దాదాపు సగం చోట్ల ప్రసూతి వైద్యులే లేరు. పిండం ప్రాణం మీద ఇంత ప్రేమ ఒలకబోసే రాష్ట్రానికి తల్లి ప్రాణం ఖర్చులా కనిపించడం విడ్డూరం.

ఆ ప్రేమ ఎంత దూరం వెళ్లిందో 2025లో లోకమంతా చూసింది. అట్లాంటాలో 30 ఏళ్ల నల్లజాతి నర్సు, సుమారు తొమ్మిది వారాల గర్భిణి, తీవ్రమైన తలనొప్పితో ఆసుపత్రికి వెళితే మందులిచ్చి పంపేశారు. స్కాన్ తీయలేదన్నది తల్లి ఆరోపణ. మరునాటికి బ్రెయిన్ డెడ్. చట్టం ఒప్పుకోదని చెప్పి నెలల తరబడి యంత్రాల మీదే ఉంచారని కుటుంబం వాపోయింది. చట్టంలో అలా ఏమీ లేదని రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం చేతులు దులుపుకుంది. జూన్ 13న కడుపు కోసి బిడ్డను తీశారు, బరువు 820 గ్రాములు. నాలుగు రోజులకు యంత్రాలు ఆపారు. ఆ కుటుంబాన్ని అడిగినవాడు లేడు. ఆ ఫైలు రేపు ఏ కమిటీ బల్ల మీదికి వెళుతుంది? అందులో కూర్చునేదెవరు? పేరు లేని సభ్యులు రాసిన పేరు లేని నివేదికను ఎవరు నమ్మాలి?

మనకెందుకులే అనుకునే తెలుగువారికి ఒక మాట. అట్లాంటా, డాలస్‌లలో కాపురమున్న మన ఆడపిల్లలకు గర్భం నిలవక రక్తస్రావమైతే చేరేది ఆ ఆసుపత్రుల్లోనే, వర్తించేది ఆ చట్టమే. గ్రీన్ కార్డు, కంపెనీ బీమా డీఅండ్‌సీని ఒక్క గంట కూడా ముందుకు జరపవు. ఇక్కడ మన ఇబ్రహీంపట్నంలో 2022 ఆగస్టులో ఒక్క శిబిరంలో 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. విచారణ జరిగిందీ చర్యలు పడిందీ ఆ అంకె బయటికి వచ్చినందుకే.

జార్జియా ప్రభుత్వం చేయవలసిందేమీ బ్రహ్మవిద్య కాదు. కమిటీ సభ్యుల పేర్లు ప్రకటించాలి. 2022 జులై తర్వాత చనిపోయిన ప్రతి గర్భిణి, ప్రతి బాలింత ఫైలు ఆరు ప్రశ్నల ముందుకు వచ్చిందో లేదో, పేర్లు లేకుండా, అంకెల్లో చెప్పాలి. టెక్సస్ వదిలేసిన రెండేళ్లనూ తిరిగి తెరవాలి. ప్రామ్స్ బృందాన్ని వాషింగ్టన్ వెనక్కి పిలవాలి. తమ చట్టం తల్లీబిడ్డలిద్దరినీ కాపాడుతుందని సభల్లో గొంతు చించుకునే నాయకులకు అంత నమ్మకమే ఉంటే, ఆ చట్టం వచ్చాక పోయిన తల్లుల ఫైళ్లు చదివేవాళ్ల పేర్లు దాచుకోవలసిన ఖర్మ ఏమొచ్చింది?