వేసవిని తినేస్తున్న నాలుగో పని

అమెరికాలో యూనివర్సిటీలో పాఠం చెప్పే మనవాళ్లని మే నెలలో ఎవరు పలకరించినా మొదట అడిగేది "సెలవులిచ్చేశారా?" అనే. గుడిలో అడుగుతారు, పుట్టినరోజు పార్టీలో అడుగుతారు, ఊరి నుంచి ఫోన్లో అడుగుతారు. అడిగేవాళ్ల తప్పేం లేదు. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. మార్చిలో పరీక్షలు, ఆ వెంటనే స్పాట్ వాల్యుయేషన్, అదయ్యాక జూన్ వచ్చేదాకా సెలవులు. ఆ నెలల జీతం ఎప్పట్లాగే ఒకటో తారీఖున అందేది. వాల్యుయేషన్ పూర్తయ్యాక మళ్లీ కాలేజీ తెరిచేవరకు ఆయన్ని ఏ కాగితమూ వెతుక్కుంటూ వచ్చేది కాదు. మేష్టారి వేసవి అంటే మన ఇళ్లలో అందరికీ తెలిసింది అదే.

ఇక్కడి లెక్క వేరు. చాలా యూనివర్సిటీల్లో మా నియామకం తొమ్మిది నెలలకే. ఆగస్టు మధ్యలో మొదలై మే మధ్యలో ముగుస్తుంది. ఆ తొమ్మిది నెలల జీతాన్నే కొన్నిచోట్ల పన్నెండు ముక్కలు చేసి నెలనెలా వేస్తారు. జూన్‌లో కూడా బ్యాంకులో డబ్బు పడుతుంది కాబట్టి వేసవికీ జీతమిస్తున్నారని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు కూడా కొందరు అలాగే అనుకుంటారు.

వేసవి జీతం కావాలంటే పరిశోధనకి డబ్బిమ్మని పెట్టుకునే గ్రాంటు ప్రపోజల్లో మనమే రాసుకోవాలి. తొమ్మిది నెలలకి 90 వేల డాలర్లనుకుంటే నెలకి 10 వేలు. పరిశోధనలకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) నియమం ప్రకారం, చేతిలో ఆ సంస్థ గ్రాంట్లు ఎన్నున్నా అన్నీ కలిపి మామూలుగా ఏడాదికి రెండు నెలల జీతమే తీసుకోవచ్చు. అంటే 20 వేలు. దాని మీద ఆరోగ్య బీమా లాంటి ఫ్రింజ్ బెనిఫిట్లు, ఆ పైన యూనివర్సిటీ తన ఖర్చుల కింద తీసుకునే ఇండైరెక్ట్ కాస్టులు. బడ్జెట్ మొత్తం పరిమితి దాటిపోతుందని తెలిసిన రాత్రి ముందుగా కోతపడేది బడ్జెట్లోని ఈ జీతం వరుసకే. విద్యార్థి స్టైపెండ్ కొయ్యలేం, పరికరాలు లేకుండా పని జరగదు, ఇక మిగిలింది మన జీతమే. సంవత్సరానికి రెండు నెలలు కాస్తా ఒక నెల అవుతుంది, ఒక్కోసారి సగం నెల అవుతుంది. 2025లో ఆ సంస్థ వందల గ్రాంట్లను నడుస్తుండగానే రద్దు చేసినప్పుడు వాటిలో రాసుకున్న వేసవి జీతాలు కూడా వాటితోనే పోయాయి.

చరిత్ర, సాహిత్యం, భాషలు చెప్పేవాళ్లలో చాలామందికి ఆ వరుస కూడా ఉండదు. ఇక కోర్సుకింత అని తీసుకుని పాఠాలు చెప్పే అడ్జంక్టుల సంగతి మరీ అన్యాయం. మన కుటుంబాల్లో ఆడవాళ్లు చాలామంది ఈ ఉద్యోగాల్లో ఉన్నారు. వచ్చే సెమిస్టర్‌లో పని ఇస్తామన్న సహేతుకమైన భరోసా యూనివర్సిటీ ఇచ్చి ఉంటే, మధ్యలోని నెలలకి నిరుద్యోగ భృతి రాకుండా ఫెడరల్ చట్టమే అడ్డుపడుతుంది. ఆ భరోసా ఎంత గట్టిదో ఆగస్టులో క్లాసు నిండకపోతే తెలుస్తుంది.

ఇదంతా జీతం గురించి ఫిర్యాదు చెయ్యడానికి రాయడం లేదు. వేసవి మూడు నెలలు ఎవరివో తేల్చుకోవడానికి రాస్తున్నాను. యూనివర్సిటీ డబ్బివ్వని నెలలు యూనివర్సిటీవి కావు. అవి మనవి. ఈ చిన్న సంగతిని మనలో ఎవరమూ గట్టిగా పట్టుకోవడం లేదనేదే నా బాధ.

పరిశోధన, పాఠం, ఇల్లు, ఈ మూడింటినీ వేసవిలో ఎలా సర్దుకోవాలన్నది మా వృత్తిలో ఎప్పుడూ నలిగే ప్రశ్నే. నా అనుభవంలో ఈ మూడింటికీ ఒకదానితో ఒకటికి పెద్ద తగువు లేదు. పరిశోధన నాకు ఇష్టమైన పని. నా విషయం భూగర్భ జలాలు. బోరుబావుల్లో నీటిమట్టం కొలతలు ముందు పెట్టుకుని, ఆ గీత ఫలానా ఏడాది నుంచి ఎందుకు వంగిందో తెలుసుకోవడానికి ఉదయం ఆరింటి నుంచి పదకొండింటి దాకా కదలకుండా కూర్చుంటే, ఆ రోజు సార్థకమైనట్టు ఉంటుంది. సెమిస్టర్ నడిచేటప్పుడు అలాంటి అయిదు గంటలు దొరకవు. ఆలోచన ఒక కొలిక్కి వచ్చేలోపు ఎవరో తలుపు తడతారు. కొత్త ఆలోచనలు వేసవిలోనే పుడతాయని మా వృత్తిలోవాళ్లు అనేది అందుకే. ఆ పూటలు ఎవరినీ వదులుకోమని నేను చెప్పను.

పాఠం కూడా అంతే. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చాక మా హోంవర్కులన్నీ తిరగరాయాల్సి వచ్చింది. ఇంటి దగ్గర చేసి తెమ్మన్న లెక్క పిల్లవాడు చేశాడో యంత్రం చేసిందో తెలియనప్పుడు, క్లాసులో బోర్డు దగ్గర నిలబెట్టి అడిగే ప్రశ్నలు కొత్తగా తయారు చేసుకోవాలి. అది వారంలో అయ్యే పని కాదు, కానీ చేస్తున్నంతసేపూ బాగుంటుంది. జూలై చివర్లో మొదలుపెడితే ఆగస్టుకి తెమిలిపోతుంది.

మరి వేసవి ఎక్కడికి పోతోంది? నాలుగో పనికి. దానికి మా భాషలో సర్వీస్ అని పేరు, అంటే కమిటీలు, రిపోర్టులు, రివ్యూలు. ఇంజనీరింగ్ విభాగాల్లో ఏబెట్ అనే సంస్థ చేసే గుర్తింపు తనిఖీ శరదృతువులో ఉంటే, సెల్ఫ్ స్టడీ రిపోర్టు జూలై 1 కల్లా పంపాలి. వందల పేజీల పత్రం. ప్రతి కోర్సు సిలబస్, ప్రతి కోర్సులో ఏ ప్రశ్న ద్వారా ఏ నైపుణ్యాన్ని కొలిచామన్న పట్టికలు, అధ్యాపకుల బయోడేటాలు. మే, జూన్ దానికే పోతాయి. కొత్త విద్యార్థుల ఓరియంటేషన్ జూన్‌లో పెడతారు, కోర్సులు ఎంచిపెట్టడానికి ప్రొఫెసర్ రావాలంటారు. ఆగస్టులో చేరాల్సిన ఇన్‌స్ట్రక్టర్ రానంటే నియామక కమిటీ జూలైలో మళ్లీ కూర్చుంటుంది. జర్నళ్ల నుంచి రివ్యూలు వస్తూనే ఉంటాయి, ఎందుకంటే రాసేవాళ్లందరికీ వేసవే తీరిక, ఆ రాసినవి చదవాల్సిందీ వేసవిలోనే. వీటిలో ఒక్కదానికీ పైసా రాదు. "పది నిమిషాల పనే" అన్న మాటతో మొదలైన ఈమెయిల్ ఆ రోజు ఉదయాన్నంతా పట్టుకుపోతుంది.

ఈ పని అందరి మీదా సమానంగా పడదు. "ఆవిడైతే కాదనదు" అన్న పేరు డిపార్ట్‌మెంట్‌లో ఒకసారి పడిందంటే ఇక అన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. మనవాళ్లు పెద్దవాళ్ల మాట కాదనకూడదని పెరిగినవాళ్లు. డిపార్ట్‌మెంట్ హెడ్ అయిన చైర్ అడిగితే తలూపడం మనకి మర్యాద. ఎదుటివాళ్లు దాన్ని మర్యాదగా తీసుకోరు, తీరిక ఉందనుకుంటారు.

టెన్యూర్, అంటే పర్మనెంటు ఉద్యోగం, ఇంకా రాని కుర్రవాళ్లకి ఇది మరీ బరువు. వాళ్ల ఫైలు మామూలుగా ఆరో ఏడు పరిశీలనకు వెళుతుంది. వాళ్లు దరఖాస్తు చేసుకునే ఎన్‌ఎస్‌ఎఫ్ కెరీర్ అవార్డు (కొత్త ప్రొఫెసర్ల పరిశోధనకిచ్చే గ్రాంటు) గడువు జూలై నాలుగో బుధవారం. ఒక మనిషికి జీవితంలో మూడుసార్లే ఆ పోటీలో నిలబడే వీలుంది. కాబట్టి జూన్, జూలై నెలలు వాళ్లకి నిజంగానే పరిశోధన నెలలు. అలాంటివాళ్లని ఓరియంటేషన్ బల్ల దగ్గర కూర్చోబెట్టడం సీనియర్లుగా మేం చేయకూడని పని.

ఇంట్లో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. మన ఇళ్లలో వేసవి అంటే అమ్మానాన్నలో అత్తమామలో వచ్చే కాలం. సందర్శకుల వీసా మీద దిగితే సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. "పిల్లలకీ సెలవులే, నీకూ సెలవులే, అప్పుడే వస్తాం" అని మేలో వస్తారు. మేముండేది కారు లేకుండా పాలప్యాకెట్ కూడా తెచ్చుకోలేని చోట. పిల్లలు సమ్మర్ క్యాంపుకి వెళతారు. నేను గది తలుపు వేసుకుని ఏబెట్ పట్టికలు నింపుతుంటే అత్తయ్యగారు పదకొండింటికి మెల్లగా తలుపు తీసి, మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టి, "పనిలో ఉన్నావా అమ్మా, తర్వాత మాట్లాడతాలే" అని వెళ్లిపోయారు. ఆవిడకి చెప్పాలనున్నది తన మోకాలి ఆపరేషన్ సంగతి. అది నాకు సాయంత్రం మా అబ్బాయి ద్వారా తెలిసింది. నీటిమట్టాల లెక్క కోసమైతే ఆవిడని ఆగమని అడగడానికి నాకు మొహమాటం లేదు, ఆవిడకి కూడా దాని విలువ తెలుసు. ఎవరూ రెండోసారి తెరవని పట్టిక కోసం ఆవిడని ఆపడమే నాకు మింగుడుపడలేదు.

మనమే ఊరికి వెళదామంటే క్యాలెండర్లు కలవవు. బంగినపల్లి మామిడి ఏప్రిల్, మేలలో. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలోని చాలా క్యాంపస్‌లు, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ లాంటి క్వార్టర్ పద్ధతి చోట్ల క్లాసులు జూన్ దాకా సాగుతాయి. సెమిస్టర్ పద్ధతిలో ఉన్నవాళ్లం మేలో తీరికయ్యామంటే న్యూజెర్సీలో పిల్లల బడి జూన్ మూడో వారం దాటితేగానీ మూయరు. అంతా కుదిరేసరికి అక్కడ తొలకరి పడుతుంది, ఇక్కడ టికెట్ల ధరలు ఆకాశంలో ఉంటాయి. గ్రీన్ కార్డు రానివాళ్లకి, తిరిగి రావడానికి అక్కడ వేయించుకోవాల్సిన వీసా స్టాంపింగ్ భయం వేరే. 2025 డిసెంబరులో హెచ్-1బీ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగి మనవాళ్లు చాలామంది అక్కడే చిక్కుకుపోయారు. వాళ్లలో యూనివర్సిటీ ఉద్యోగులైతే జనవరి క్లాసులు ఎవరు చెబుతారన్నది వేరే గొడవ.

ఇప్పుడు పీహెచ్‌డీ పిల్లల మాట. సలహాదారు వేసవిని ఎలా గడిపితే ఆ ల్యాబ్‌లో పిల్లలూ అలాగే గడుపుతారు. జూలై ఆదివారం రాత్రి పదకొండింటికి నేను ఈమెయిల్ పంపితే, జవాబు ఇవ్వనక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా పదకొండుంపావుకి జవాబు వస్తుంది. వరంగల్ నుంచి వచ్చిన పిల్లవాడు నాలుగేళ్లుగా ఇంటికి వెళ్లలేదంటే అందులో వీసా భయం కొంత, డబ్బు కొంత. "మేడమ్ ఏమనుకుంటారో" అన్నది ఎక్కువ. 2025 మేలో విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూలు ఆపేసి మూడు వారాలకి మళ్లీ మొదలుపెట్టారు. ఆ తర్వాత వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం పిల్లలకి మరింత కష్టమైంది. అది వాళ్ల నిర్ణయమే. కానీ సలహాదారు వైపు నుంచి అడ్డులేదన్నది కాగితం మీద ఉండాలి. మార్చిలోనే నేను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతాను: ఇంటికి వెళతావా, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఐ-20 (విద్యార్థి వీసాకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ప్రయాణ సంతకం ఏడాదిలోపుదేనా, వేసవి స్టైపెండ్ ఏ గ్రాంటు నుంచి. ఆ తేదీలు ల్యాబ్ క్యాలెండర్లో ముందు పడతాయి, ప్రయోగాల తేదీలు తర్వాత పడతాయి. పెళ్లికో పేరంటానికో నాయనమ్మని చూడటానికో, కారణం నాకు చెప్పనక్కర్లేదు.

నాలుగో పని మొత్తం మానెయ్యమని అనడం లేదు. ఒకటి నేను ఎప్పటికీ మానను. టెన్యూర్ ఫైళ్ల మీద బయటివాళ్ల అభిప్రాయం అడుగుతూ చాలా చోట్ల నుంచి ఉత్తరాలు వేసవిలోనే వస్తాయి. బయోడేటా, నాలుగైదు పేపర్లు పంపి ఆగస్టులోగా రాయమంటారు. నిజాయితీగా చదివి రాయాలంటే వారం పడుతుంది, దానికీ డబ్బు రాదు. కానీ అవతల ఒక మనిషి ఉద్యోగం దాని మీద ఉంది. నా ఫైలు వెళ్లిన ఏడు కూడా ఎవరో తమ జూన్‌లో ఒక వారం నాకిచ్చారు. ఆ బాకీ తీర్చుకుంటూనే ఉంటాను. అలాగే ఆగస్టులో హైదరాబాద్ నుంచి కొత్తగా దిగే పిల్లల్ని విమానాశ్రయం నుంచి తీసుకురావడం, ఇల్లు చూపించడం. ఈ సంఘంలో మనందరం చేస్తున్నదే, దాన్ని నేను భారం అనుకోను.

రిపోర్టులు, కమిటీలు, పట్టికలు మాత్రం వేరు. వీటిలో చాలా భాగం మార్చిలో చేసుకోవచ్చు. నిజంగా వేసవిలోనే చెయ్యాల్సినవైతే చేసేవాళ్లకి నెల జీతం ఇవ్వాలి. ఏబెట్ తనిఖీ ఎప్పుడొస్తుందో కాలేజీకి ఏళ్ల ముందే తెలుసు, ఆ డబ్బు బడ్జెట్లో పెట్టడం కష్టమేం కాదు. అడిగితే ఇచ్చిన డీన్లు ఉన్నారు. అడగనివాళ్లకి ఎవరూ పిలిచి ఇవ్వలేదు.

మన తెలుగువాళ్లు ఇప్పుడు అమెరికాలో చాలా చోట్ల డిపార్ట్‌మెంట్ చైర్లుగా, డీన్లుగా ఉన్నారు. ఈ పత్రిక వాళ్ల ఇళ్లకీ వెళుతుంది. వాళ్లకి నా విన్నపం ఒక్కటే. ఏప్రిల్ ఫ్యాకల్టీ సమావేశం ఎజెండాలో ఈ అంశం పెట్టండి: మే 15 నుంచి ఆగస్టు 15 వరకు తొమ్మిది నెలల నియామకం మీద ఉన్నవాళ్లకి జీతం లేని కమిటీ పని అప్పగించకూడదు, టెన్యూర్ రానివాళ్లకి జీతం ఇస్తామన్నా అప్పగించకూడదు. ఓటింగుకి పెట్టి మినిట్స్‌లో రాయించండి. ఆ తర్వాత జూన్‌లో మీకే అవసరం వచ్చి ఎవరికైనా ఈమెయిల్ రాయబోతే, ముందు ఆ మినిట్స్ తీసి చూసుకోండి.