చిల్లీ పొట్లం పక్కన పెడదాం

చలి మొదలైతే చాలు, టెక్సాస్‌లో ఆఫీసుల్లోనూ స్కూళ్లలోనూ చర్చిల్లోనూ చిల్లీ అనే మాంసం వంటకం వండే పోటీలు మొదలవుతాయి. మన తెలుగువాళ్లూ ఉత్సాహంగా పేర్లిస్తారు. తీరా వండి తెచ్చేది మాత్రం ఎక్కువగా రెండు రకాలు. ఒకటి, కొట్లో పొడి పొట్లం కొని కీమాలో కలిపి, టమాటా డబ్బా, రాజ్మా డబ్బా ఒంపేసింది. రెండోది, అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా వేసి వండిన మన కీమా కూరే, పైన కొత్తిమీర చల్లి గిన్నెకు చిల్లీ అని చీటీ అంటించింది. మొదటిదానికి రుచి ఉండదు. రెండోది రుచిగానే ఉంటుంది కానీ అది చిల్లీ కాదు. ఎండుమిర్చి వాసన చూసి పంట కొత్తదో పాతదో చెప్పగల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. ఎండుమిర్చే ప్రాణమైన ఈ వంట దగ్గరకొచ్చేసరికి మిర్చిని వదిలేసి పొట్లం చించడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

చిల్లీలో మిర్చి కారం కోసం వేసే దినుసు కాదు. అందులో గ్రేవీ అంటే మిర్చే. నానబెట్టిన ఎండుమిర్చి గుజ్జులో మాంసం ముక్కలు గంటల తరబడి ఉడికితే వచ్చేదే చిల్లీ. టమాటా, ఉల్లిపాయ, రాజ్మా ఇవన్నీ తర్వాత వచ్చి చేరినవి, కావాలంటే వేసుకోవచ్చు, లేకపోతే లేదు. మనకిది కొత్త సంగతి కానక్కర్లేదు. కొరివికారంలో, పండుమిర్చి పచ్చడిలో మిరపకాయ ఇంకో కూరకు తోడుగా రాదు, అదే తినే వస్తువు. ఆ తీరులోనే ఆలోచిస్తే చిల్లీ సగం అర్థమైనట్టే.

తేడా అంతా మిర్చి రకంలో ఉంది. మిర్చి ఘాటును కొలిచే స్కోవిల్ లెక్కలో గుంటూరు సన్నం ముప్పై వేలు దాటుతుంది. చిల్లీకి ముఖ్యమైన ఆంచో మిర్చి వెయ్యి, రెండు వేల దగ్గరే ఆగిపోతుంది. గువాహీయో అనే ఇంకో రకం అంతకంటే కొంచెం ఎక్కువ. అంటే ఒక గిన్నెలో ఆంచోలు ఐదారు వేసినా నోరు మండదు, గుజ్జు మాత్రం బోలెడు వస్తుంది. అదే గుజ్జు గుంటూరు మిర్చితో చేస్తే ఎవరూ తినలేరు. పచ్చళ్లకు వరంగల్ చపాటా మిర్చిని, రంగుకు బ్యాడిగి మిర్చిని ఎందుకు వెతికి తెచ్చుకుంటామో తెలిసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. “వీళ్ల వంటల్లో కారమే ఉండదు” అని మనవాళ్లు తేలిగ్గా కొట్టిపారేస్తుంటారు. కారం తక్కువ ఉండబట్టే అంత మిర్చి వేసే వీలుంది. ఆ వీలు మీదే ఈ వంట నిలబడింది.

ఆంచోను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పొబ్లానో అనే పచ్చిమిర్చిని పండనిచ్చి ఎండబెడితే ఆంచో అవుతుంది. అరచేయంత పొడవు, తొడిమ దగ్గర వెడల్పు, ముడతలు పడిన తోలు, నలుపు తిరిగిన గోధుమరంగు. చీల్చి వెలుతురుకు పట్టుకుంటే ముదురెరుపు కనిపిస్తుంది. వాసన చూస్తే కారం కాదు, ఎండుద్రాక్ష గుర్తొస్తుంది. గువాహీయో నున్నగా, మెరుస్తూ, సన్నగా ఉంటుంది. దాని రుచిలో సన్నటి పులుపు ఉంది. ఆంచో కండ ఇస్తే గువాహీయో రంగు ఇస్తుంది. కొనేటప్పుడు మన అలవాటు ఒకటి మార్చుకోవాలి. మన మిర్చి ఊపితే గింజలు గలగలలాడాలి. ఆంచో అలా కాదు, వంచితే విరక్కుండా మెత్తగా వంగాలి. పెళపెళమని విరిగిపోయేది పాతబడిందన్నమాట. టెక్సాస్‌లో హెచ్‌ఈబీలో, ఫియెస్టాలో, ఏ చిన్న మెక్సికన్ కొట్లో అయినా ఇవి దొరుకుతాయి. మిగతా రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు కూడా దగ్గర్లోని లాటినో కిరాణా కొట్టుకు ఒకసారి వెళ్లి చూడండి.

అసలు ఈ పొట్లం పొడి ఎలా వచ్చిందో తెలిస్తే దాన్ని ఎందుకు వదలమంటున్నానో తెలుస్తుంది. 1880ల నాటికే శాన్ ఆంటోనియో కూడళ్లలో మెక్సికన్ మూలాలున్న ఆడవాళ్లు పొద్దువాలాక బల్లలు వేసి, కట్టెల మంట మీద చిల్లీ వేడివేడిగా ఉంచి అమ్మేవారు. చిల్లీ క్వీన్స్ అని వాళ్లకు పేరు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో శాన్ ఆంటోనియో చిల్లీ దుకాణం పెట్టాక మిగతా అమెరికా కూడా దీని రుచి చూసింది. 1930ల్లో ఆరోగ్య నిబంధనలంటూ నగరం ఆ బల్లలు తీయించేసింది. పొడి సంగతి వేరు. ఆంచో మిర్చి ఏడాది పొడుగునా దొరకని రోజుల్లో, న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో విలియం గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు మెక్సికో నుంచి మిర్చి తెప్పించి పొడి కొట్టి సీసాల్లో అమ్మడం మొదలుపెట్టాడు. అది 1890ల మాట. ఆ కాలానికి అది మంచి పనే, కాయ దొరకని వంటింటికి ఒక దారి చూపించాడు. మనకిప్పుడు ఆ కరువు లేదు. పైగా ఊరి నుంచి తెచ్చుకున్న కారాన్ని రంగు, వాసన పోతాయని ఫ్రీజర్లో దాచుకునేవాళ్లం మనం. ఎప్పుడు కొట్టారో తెలియని పొడిని షాపు అరలోంచి తీసుకుని, చిల్లీ చప్పగా ఉందంటే ఎలా?

ఇక వండే పద్ధతి. కిలో మాంసానికి ఆంచోలు నాలుగైదు, గువాహీయోలు నాలుగు సరిపోతాయి. తొడిమలు తుంచి, చీల్చి, గింజలు దులిపేయండి. పొడి పెనం మీద మధ్యస్థంగా మంట పెట్టి ఒక్కోవైపు ఇరవై, ముప్పై సెకన్లు, అంతే. వాసన లేచి, తోలు కాస్త మెత్తబడగానే తీసేయాలి. మన చెయ్యి ఇక్కడే తప్పు చేస్తుంది. కంది పొడికో, చట్నీకో వేయించినట్టు నల్లమచ్చలు పడేదాకా ఉంచామా, గిన్నెడు చిల్లీ చేదెక్కుతుంది, తర్వాత ఏం వేసినా ఆ చేదు పోదు. వేయించిన మిర్చిని వేడినీళ్లలో అరగంట నానబెట్టి, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలతో మిక్సీలో మెత్తగా తిప్పండి. నానిన నీళ్లు నోట్లో వేసుకుని చూసి, చేదుగా లేకపోతేనే కలపండి. గువాహీయో తోలు మందం, ఎంత తిప్పినా తునకలు మిగులుతాయి. అందుకని గుజ్జును జల్లెడలో వేసి గరిటెతో రుద్ది వడకట్టాలి. ఈ పని బద్ధకించవద్దు. పంటికి తగిలే ఆ తొక్కలే ఇంట్లో చేసిన చిల్లీకి చెడ్డపేరు తెస్తాయి.

మాంసం కీమా వద్దు, అంగుళం ముక్కలు కొట్టించండి. భుజం భాగం మంచిది. అందులో ఉన్న బిగువంతా రెండు మూడు గంటల సన్నసెగకు కరిగి పులుసుకు చిక్కదనం ఇస్తుంది. ముక్కల్ని తడి లేకుండా తుడిచి, నూనెలో కొన్ని కొన్ని చొప్పున ఎర్రగా వేపి తీయాలి. అన్నీ ఒకేసారి పోస్తే నీళ్లూరి ఉడికిపోతాయి తప్ప వేగవు. అదే గిన్నెలో ఉల్లిపాయ మగ్గించి, మిర్చి గుజ్జు వేసి వేపండి. చాలా అమెరికన్ వంటకాల పుస్తకాల్లో గుజ్జు వేయగానే నీళ్లు పోసేయమంటారు. నేను ఒప్పుకోను. నూనె తేలేదాకా వేపడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య, అది ఇక్కడ అద్భుతంగా పనికొస్తుంది. గుజ్జు పచ్చివాసన పోయి, రంగు ముదిరి, అంచుల్లో నూనె కనబడ్డాక వేయించి దంచిన జీలకర్ర రెండు చెంచాలు, ఎండు ఒరెగానో ఒక చెంచా వేసి, ముక్కలు, ఉప్పు, ముక్కలు మునిగేంత నీళ్లు. ప్రెషర్ కుక్కర్లో త్వరగా అయిపోతుంది కానీ పులుసు పల్చగా మిగులుతుంది, మూత తీసి ఇంకించుకోవాలి.

బీఫ్ తినని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అందుకే మొహమాటపడి చిల్లీ జోలికే పోనివాళ్లున్నారు. మేక మాంసంతో చేయండి. దీన్ని సర్దుబాటు అనుకోనక్కర్లేదు. దక్షిణ టెక్సాస్‌లో మేకపిల్ల మాంసం అంటే ప్రాణం పెడతారు, రాష్ట్రం నడిబొడ్డున ఉన్న బ్రేడీ అనే ఊళ్లో అయితే ప్రతి ఏడూ లేబర్ డే వారాంతంలో మేక మాంసం బార్బెక్యూ పోటీయే జరుగుతుంది. ఎముకతో సహా వేస్తే ఈ మిర్చి గుజ్జుకు మేక మాంసమే బాగా నప్పుతుందని నా నమ్మకం.

శాకాహారులకు మాత్రం రాజ్మా తప్పదు. 1977లో చిల్లీని టెక్సాస్ రాష్ట్ర వంటకంగా ప్రకటించారు. ఎడారిలో ఉన్న టెర్లింగ్వా ఊళ్లో 1967 నుంచి జరుగుతున్న చిల్లీ పోటీల్లో రాజ్మా లాంటి గింజలు వేసిన గిన్నెను లోపలికే రానివ్వరు. అది పోటీ నియమం, మన ఇంటి నియమం కాదు. నానబెట్టి పిండిన మీల్‌మేకర్, పుట్టగొడుగులు ఎర్రగా వేపి రాజ్మాతో కలిపితే ఆ గుజ్జుకు తగిన కండ వస్తుంది. ఒక్క జాగ్రత్త చెప్పి తీరాలి. పచ్చి రాజ్మాను నేరుగా స్లో కుక్కర్లో వేయకండి. సరిగ్గా ఉడకని రాజ్మాలో వాంతులు, విరేచనాలు తెప్పించే విషపదార్థం ఉంటుంది, స్లో కుక్కర్ వేడికి అది చావదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్తనీళ్లలో పొయ్యి మీద అరగంట తెర్లించాకే మిగతా వంట. ప్రెషర్ కుక్కర్లో మెత్తగా ఉడికిస్తే ఆ భయం లేదు. టమాటా వేసేవాళ్లు గింజలు ఉడికాకే వేయాలి, పులుపులో అవి త్వరగా మెత్తబడవు.

వండాక రుచి సరిదిద్దడంలోనే అసలు పనితనం ఉంది. చప్పగా అనిపిస్తే మనం కారం డబ్బా అందుకుంటాం. ముందు ఉప్పు చూడండి. తర్వాత పులుపు. దించేముందు నిమ్మరసం పిండినా, ఒక చెంచా చింతపండు గుజ్జు కలిపినా అణిగి ఉన్న మిర్చి రుచి పైకి లేస్తుంది. కాస్త బెల్లం వేస్తే పుల్లదనం, చేదు రెండూ సర్దుకుంటాయి. మెక్సికన్ వంటింట్లో పిలోన్సీయో అని వాడేది కూడా చెరకు బెల్లమే, కాబట్టి ఇందులో పరాయితనం ఏమీ లేదు. పల్చగా ఉంటే మైదా, కార్న్‌ఫ్లోర్ వద్దు. సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నల పిండి, మాసా హరీనా, రెండు చెంచాలు నీళ్లలో కలిపి పోయండి. చిక్కదనంతో పాటు కాల్చిన మొక్కజొన్న కమ్మదనం వస్తుంది. మంట కావాలంటే, అప్పుడు, నాలుగు గుంటూరు మిరపకాయలు. ఆర్బోల్ అనే మెక్సికన్ రకం చేసే పనిని అవి చక్కగా చేస్తాయి. ఇక చిల్లీని వండిన రోజు వడ్డించకండి. చేపల పులుసులాగే ఇదీ మర్నాటికి పండుతుంది.

గరం మసాలా ఎందుకు వద్దంటున్నావు, ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి ఊరి చిల్లీలో దాల్చినచెక్క, లవంగం ఉన్నాయి కదా అని అడిగేవాళ్లుంటారు. ఉన్నాయి. మాసిడోనియా ప్రాంతం నుంచి వచ్చిన కిరాజెఫ్ అన్నదమ్ములు 1922లో అక్కడ దుకాణం తెరిచి, తమవైపు సుగంధ ద్రవ్యాలతో వండి, స్పగెటీ మీద పోసి అమ్మారు. అదొక వేరే వంటకంగా నిలిచింది, ఆ ఊరి పేరే దానికి వచ్చింది. వలసవచ్చినవాళ్ల చెయ్యి పడితే వంట పెరుగుతుందనే నేనూ నమ్ముతాను. గోంగూర చిల్లీ అని ఎవరైనా చేస్తే ముందు గిన్నె పట్టుకుని నిలబడేది నేనే. కానీ మిర్చి గుజ్జు చేయడం రానిదే అందులో మన చెయ్యి ఎక్కడ కలుస్తుంది? గరం మసాలా మొదటే వేస్తే ఆంచో వాసన దాని కింద అణిగిపోతుంది, ఆ గిన్నెలో అది ఉందో లేదో కూడా తెలియదు. మన ఆవకాయలో ఎవరైనా ఆవపిండి మానేసి ఒరెగానో వేసి ఆవకాయ అంటే మనం ఊరుకోం. వాళ్ల వంటకూ ఆ మర్యాద ఇద్దాం.

ఈ చలికాలం మన సంఘం విందులో ఒక బల్ల చిల్లీకి కేటాయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. పొట్లం వాడకూడదన్నది ఒక్కటే షరతు. ప్రతి గిన్నె ముందు ఏ మాంసం, ఏ రకం మిర్చి అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి, శాకాహారం గిన్నెలకు గరిటెలు వేరుగా ఉండాలి. విందు శనివారం అయితే శుక్రవారం రాత్రికే వండేయాలి కనుక, రెండు వారాల ముందే పేర్లు తీసుకుంటే బాగుంటుంది. వండేవాళ్లందరికీ ఆంచో, గువాహీయో కొనుక్కొచ్చి ఇళ్లకు చేర్చే పని నేను చూసుకుంటాను.