పట్టభద్రుల ఓట్లు చెల్లకపోతే తప్పు ఎవరిది?

కరీంనగర్, మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల పట్టభద్రుల ఎమ్మెల్సీ సీటుకు 2025 ఫిబ్రవరిలో పోలైన ఓట్లు 2.52 లక్షలు. అందులో చెల్లనివి 28 వేలకు పైనే. గెలిచిన బీజేపీ అభ్యర్థి అంజిరెడ్డికి, కాంగ్రెస్ అభ్యర్థి నరేందర్‌రెడ్డికి మధ్య తేడా మాత్రం 5 వేల చిల్లరే. మెజారిటీకి ఐదు రెట్ల పైన ఓట్లు లెక్కలోకే రాలేదన్నమాట. డిగ్రీలు చదివి ఓటేయడం కూడా రాదా అని జోకులు మొదలయ్యాయి. ఈ జోకు ప్రతి ఎమ్మెల్సీ ఎన్నికకీ వినిపించేదే.

2021లో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్, వరంగల్-ఖమ్మం-నల్గొండ సీట్లు రెండింటిలోనూ చెల్లని ఓట్లు ఒక్కోచోట 20 వేలు దాటాయి. వరంగల్-ఖమ్మం-నల్గొండకే 2024లో ఉప ఎన్నిక వస్తే మళ్లీ అదే కథ. ఓటర్లు మారారు, అభ్యర్థులు మారారు, ప్రభుత్వమూ మారింది, చెల్లని ఓట్లు మాత్రం తగ్గలేదు. ఇన్నిసార్లు ఇన్నివేల మంది ఒకే చోట తడబడుతున్నారంటే వాళ్ల చదువును కాదు, ఆ బ్యాలెట్‌ను అనుమానించాలి.

అసలు అక్కడ జరిగేదేంటో చూడండి. ఏళ్ల తరబడి ఈవీఎం మీద గుర్తు చూసి బటన్ నొక్కడం అలవాటైన మనిషి చేతిలో పొడవాటి కాగితం పెడతారు. దాని మీద పార్టీ గుర్తులుండవు, పేర్లూ ఫొటోలూ ఉంటాయి. 2021లో హైదరాబాద్ సీటుకు 93 మంది పోటీలో ఉంటే బ్యాలెట్ దినపత్రికంత అయింది, దాన్ని మడిచి వేయడానికి పెద్ద పెట్టెలు తెప్పించాల్సి వచ్చింది. సిబ్బంది ఇచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్నుతోనే రాయాలి, జేబులోని పెన్ను తీశారో ఓటు పోయినట్టే. నచ్చిన అభ్యర్థి పేరు పక్కన 1 అంకె వేయాలి, ఆ తర్వాత నచ్చినవాళ్లకు వరుసగా 2, 3 వేయొచ్చు. టిక్కు పెట్టినా, సంతకం చేసినా, 'ఒకటి' అని అక్షరాల్లో రాసినా, ఇద్దరికి 1 వేసినా చెల్లదు. కావాలంటే తెలుగు అంకె ౧ వేయొచ్చు, రోమన్ అంకె కూడా వేయొచ్చు, ఈ సంగతి ఎంతమందికి తెలుసో మరి! బ్యాంకు ఫారం నింపేటప్పుడు టిక్కు పెట్టి సంతకం చేయడమే అలవాటైన చేయి ఇక్కడా అదే చేస్తే ఆశ్చర్యమేముంది? ఎలా వేయాలో చెప్పడానికి మహా అయితే బూత్ గోడ మీద ఒక పోస్టర్ కనపడుతుంది.

చెల్లిన ఓట్లలోనూ ఒక నష్టం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. చెల్లిన ఓట్లలో సగం కంటే ఒకటి ఎక్కువ వస్తేనే గెలుపు కోటా. మొదటి ప్రాధాన్యతలో, అంటే 1 అంకె ఓట్లలో ఎవరికీ అది రాకపోతే అట్టడుగున ఉన్న అభ్యర్థిని తప్పించి, ఆయనకు ఓటేసినవాళ్లు 2 ఎవరికి వేశారో చూసి పంచుతారు. మనవాళ్లలో చాలామంది 1 వేసేసి వచ్చేస్తారు. దాంతో వాళ్ల అభ్యర్థి తప్పుకోగానే ఆ ఓటు ఇక లెక్కలోకి రాకుండా పక్కన పడిపోతుంది. కరీంనగర్‌లో కోటా 1,11,672. మూడు రోజులు లెక్కించి, ఒక్కొక్కరినీ తప్పిస్తూ పోయినా ఎవరూ దాన్ని అందుకోలేదు, చివరికి ముందున్నారు కాబట్టి అంజిరెడ్డి గెలిచారు. సగం మంది ఆమోదం ఉన్నవాడే గెలవాలన్న ఉద్దేశంతో పెట్టిన పద్ధతి ఇక్కడ ఆ పని చేయలేదు.

పార్టీలకు మాత్రం ఈ 2 విలువ బాగా తెలుసు. 2023లో ఏపీ పట్టభద్రుల సీట్లలో టీడీపీ, వామపక్షాల మద్దతున్న పీడీఎఫ్ రెండో ప్రాధాన్యత ఓట్లు ఒకరికొకరు వేయించుకోవాలని అనుకున్నాయి. పశ్చిమ రాయలసీమలో మొదటి ప్రాధాన్యతలో వైసీపీ ముందుంది, ఆఖరికి గెలిచింది టీడీపీ అభ్యర్థి రాంగోపాల్‌రెడ్డి. పార్టీ ఆఫీసులో తెలిసిన ఈ లెక్క బూత్‌కొచ్చిన ఓటరుకు ఎవరూ చెప్పరు.

ఇంకా మూలంలోకి వెళ్తే, డిగ్రీ ఉన్నవాళ్లకు వేరే ఓటెందుకు? రాజ్యాంగం 171వ అధికరణం శాసనమండలిలో పన్నెండో వంతు సీట్లు వాళ్లకిచ్చింది. అప్పట్లో ఊరికో డిగ్రీ మనిషి దొరకడమే గగనం. ఇప్పుడు బైక్ టాక్సీ నడిపే కుర్రాడికీ డిగ్రీ ఉంది. తమాషా ఏంటంటే, ఈ సీట్లలో పోటీ చేసేవాడికి డిగ్రీ అక్కర్లేదు, 1972లో సుప్రీంకోర్టే ఆ మాట చెప్పింది. ఓటేయడానికి పట్టా కావాలి, గెలిచి కూర్చోడానికి అక్కర్లేదు! ఈ సీట్లు తీసేయాలంటే రాజ్యాంగ సవరణ కావాలి, అదిప్పట్లో అయ్యే పని కాదు. మొత్తం మండలినే తీసేద్దామంటే ఎన్టీఆర్ 1985లో తీసేశారు, వైఎస్ 2007లో తెచ్చారు, జగన్ 2020లో రద్దు తీర్మానం చేసి 2021లో ఆయనే వెనక్కి తీసుకున్నారు. ఆ గొడవలో ఓటరు ఎక్కడా లేడు.

కాబట్టి చేతిలో ఉన్న పనులు చూద్దాం. ఓటర్ల జాబితా ప్రతి ఎన్నికకీ కొత్తగా తయారు చేస్తారు, పోయినసారి నమోదైనవాడు కూడా నమోదు దరఖాస్తు ఫారం 18 మళ్లీ నింపాలి. ఆ ఫారం తీసుకునే రోజే నమూనా బ్యాలెట్ ఒకటి చేతికిచ్చి అంకె వేయించి చూపిస్తే పోయేదేముంది? టిక్కు కనపడగానే పక్కన పడేసే నియమాన్ని, ఓటరు మనసు స్పష్టంగా ఉన్నప్పుడైనా సడలించలేరా? ఒక్క పేరు ఎదురుగానే టిక్కు ఉంటే ఆ ఓటెవరికో పోలింగ్ ఏజెంట్‌ను అడిగినా చెప్తాడు.

2021లో ఎన్నికలు జరిగిన ఆ రెండు తెలంగాణ సీట్లకు 2027 మార్చిలో గడువు తీరుతుంది. నమోదు అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతుంది. నమూనా బ్యాలెట్ ఇవ్వాలనుకుంటే అప్పుడే ఇవ్వాలి.