లద్దెలో లక్ష్యసిద్ధి

డెన్వర్‌లో మా అబ్బాయికి మేనేజరుగా ఉండిన అమెరికన్ ఒకాయన నిరుడు ఉద్యోగం వదిలేసి గుర్రాల దగ్గర పనికి కుదిరాడు. జీతం బాగా తగ్గినా మనసు నిండిందని వీడ్కోలు లేఖలో రాస్తే ఆఫీసంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టిందట. మా నాన్న తెనాలిలో 30 ఏళ్ళు జట్కా తోలాడు. ఆయనకు ఎవరైనా చప్పట్లు కొట్టారంటే అది బండి ఆపడానికే.

తప్పు మా నాన్నదేనని ఇప్పుడు తెలుస్తోంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, లద్దె ఎత్తి, ఉలవలు ఉడకేసి, గుర్రానికి మాలీసు చేసి, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీసి, రైలు వేళకు స్టేషను ముందు బండి నిలిపేవాడు గానీ, తనకు కలుగుతున్నది ఆత్మతృప్తి అని ఆయనకు తెలియలేదు. నడుంనొప్పి అనుకున్నాడు.

పోయిన జూన్‌లో మా అబ్బాయి నన్ను ఆ మాజీ మేనేజరును చూపించడానికి తీసుకెళ్ళాడు. వయోమింగ్ కొండల నడుమ ఒక గెస్టు రాంచి. రాంచి అంటే పశువులను పెంచే చోటు. గెస్టు రాంచిలో పశువుల బదులు అతిథులుంటారు. ఎగతాళి కాదు, చరిత్రే అలా నడిచింది. 1886-87 చలికాలంలో ఆ మైదానాల మీద పశువులు లక్షల్లో చచ్చిపోయి, బయలు మేత మీద ఆధారపడిన వ్యాపారం కుప్పకూలింది. డకోటా ప్రాంతంలో ఈటన్ సోదరులని ముగ్గురుండేవాళ్ళు. తూర్పు నగరాల నుంచి వచ్చి వాళ్ళ రాంచిలో తిష్ఠ వేసే స్నేహితుల దగ్గర తిండి ఖర్చులు పుచ్చుకోవడం వాళ్ళకు అంతకు ముందే అలవాటైంది. 1904లో వయోమింగ్‌కు తరలి, అదే పని పెద్ద ఎత్తున చేశారు. ఆ రాంచి ఇప్పటికీ నడుస్తోంది. ఆవుకైతే చలికాలమంతా గడ్డి వేయాలి. అతిథి చలి మొదలు కాగానే తన ఇంటికి తానే పోయి, తన తిండి తానే తింటాడు. ఇంతటి సూక్ష్మం బోధపడ్డాక ఇక ఆవుల ముఖం ఎవరు చూస్తారు? ఇంటికొచ్చిన చుట్టానికి బిల్లు వేయవచ్చన్న ఆలోచన వేసవి సెలవుల్లో మన అమ్మమ్మలకు ఒక్కరికీ తట్టకపోవడం జాతికి జరిగిన నష్టం.

అలా వచ్చిన అతిథిని అక్కడివాళ్ళు ‘డ్యూడ్’ అన్నారు. మన లెక్కలో షోకిలారాయుడు. 1926లో రాంచీల యజమానులు సంఘం పెట్టుకున్నప్పుడు ఆ మాటను పేరులోనే చేర్చుకున్నారు. షోకిలారాయుళ్ళు ఏమీ అనుకోలేదు. వారానికి మనిషికి రెండు మూడు వేల డాలర్లు కట్టి మరీ ఆ బిరుదు పుచ్చుకుంటున్నారు.

మాజీ మేనేజరు గడ్డం పెంచాడు. టోపీ, బూట్లు, ఎండకు కమిలిన మెడ. వేకువన నాలుగున్నరకు బీడులోకి పోయి ఎనభై గుర్రాలను తోలుకొస్తాడు. ఒక్కొక్క జీను పదిహేను ఇరవై కిలోలు. అవి ఎత్తి వేయాలి, సాయంత్రం దించాలి. గుర్రం రోజుకు దాదాపు 20 కిలోల లద్దె వేస్తుంది. వెనకటి ఉద్యోగంలోనూ ఆయన చేతి మీదుగా దాదాపు అంత సరుకూ పోయేదట, కాకపోతే అది ప్రెజెంటేషన్ల రూపంలో ఉండేది. ఇది ఎరువుకైనా పనికొస్తుంది.

“ఇక్కడ గుర్రం నన్ను అంచనా వేయదు” అన్నాడు పారకు ఆనుకుని నిలబడి, కళ్ళు చెమర్చగా. పక్కనే ఉన్న ఎర్రగుర్రం చెవులు రెండూ వెనక్కి వాల్చి ఆయనను అంచనా వేస్తూనే ఉంది. అధికారి ముందు, గుర్రం వెనుక నిలబడకూడదని మనవాళ్ళు అంటారు. ఈయన అధికారుల ముందు నుంచి తప్పుకుని నేరుగా గుర్రం వెనక్కి వచ్చి నిలబడ్డాడు. సామెతలో రెండో సగం ఇంకా అమెరికా చేరినట్టు లేదు.

సరే, కూలి సంగతి. తిండి, పడక ఇస్తారు, మీద కొంత జీతం, అతిథులు మెచ్చి ఇచ్చేది వేరు. ఏడాదిలో ఏడు నెలలకు మించి నడవని వినోద స్థలాలకు కనీస వేతనం నుంచి, ఓవర్‌టైం నుంచి అమెరికా ఫెడరల్ చట్టంలో ఒక మినహాయింపు ఉంది. అసలు కనీస వేతనమే 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గర కదలకుండా ఉంది, మొండికేసిన గుర్రంలా. తృప్తి ఎంత పెరిగితే చట్టం అంత పలచబడుతుందన్నమాట. మా నాన్నను ఏ చట్టమూ పట్టించుకోలేదు కాబట్టి, ఈ లెక్కన ఆయన మహర్షి.

ఈ బాటకు ఆద్యుడు మాత్రం మనవాడే. పెద్ద ఇంటి కుర్రవాడు, చక్కని వాడు, పేరు మార్చుకుని విరాటరాజు గుర్రపుశాలలో పనికి కుదిరాడు. నకులుడు. ఆయన కూడా సీజనుకే చేశాడు. ఏడాది గడువు తీరగానే జీను దించి యుద్ధానికీ రాజ్యానికీ వెళ్ళిపోయాడు. ఆ శాలలో ఆయనకు ముందూ తరువాతా బతుకంతా లద్దె ఎత్తినవాళ్ళ పేర్లు వ్యాసుడికీ గుర్తు లేవు, తిక్కనకూ గుర్తు లేవు.

ఆ రాత్రి మా అబ్బాయి కదిలిపోయాడు. “నాన్నా, నేనూ ఇలాంటి పనికి వస్తే?” అన్నాడు. కానీ వాడిది హెచ్-1బి వీసా. వీసా పెట్టిన కంపెనీకి తప్ప ఇంకొకరికి పని చేయకూడదు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఏదో ఒక దారి చూసుకోవాలి. తృప్తి కోసం పెట్టుకునే దరఖాస్తులో ముందు గ్రీన్ కార్డు అడుగుతారని తెలిసి వాడు నిట్టూర్చి ల్యాప్‌టాప్ తెరిచాడు. తాత 30 ఏళ్ళు చేసిన గుర్రపు పని చేయడానికి మనవడికి అర్హత లేకపోయింది.

మర్నాడు పొద్దున చికాగో నుంచి వచ్చిన ఒక లావుపాటి లాయరుగారికి మాజీ మేనేజరు గుర్రాన్ని సిద్ధం చేస్తున్నాడు. జీను వేసి, పొట్ట కింది పట్టీ బిగించాడు. ఎర్రగుర్రం అప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బించింది. గుర్రాలకు ఇది పాత విద్య. పట్టీ గట్టిగానే ఉన్నట్టు చేతికి తెలుస్తుంది. నాలుగడుగులు నడిపించి, ఊపిరి వదిలాక మళ్ళీ బిగించాలి. మా నాన్నైతే జట్కా పట్టీ కట్టి, బీడీ ముట్టించుకుని, సగం కాలాక మళ్ళీ వచ్చి లాగేవాడు. బీడీ ఆ గుర్రం కోసమేనని అమ్మకు చెప్పేవాడు.

చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా మా అబ్బాయి ఉత్సాహం పట్టలేక, మా తాత గుర్రాలవాడే అని ఆయనతో అనేశాడు. మాజీ మేనేజరు పట్టీ వదిలేసి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎంత అదృష్టవంతులు, రక్తంలోనే ఉందన్నమాట అన్నాడు. ఆ పనిలో మీ నాన్నగారికి అన్నిటికన్నా ఎక్కువ తృప్తినిచ్చినది ఏమిటి అని అడిగాడు.

కాసేపు ఆలోచించాను.

“నేను బడికి పోవడం” అన్నాను.

ఆయన చాలా సేపు తల పంకించాడు. వెనకాల ఎర్రగుర్రం తీరిగ్గా ఊపిరి వదిలింది. లాయరుగారు రికాబులో కాలు పెట్టారు.