ఎనభై మందికి వేరే పొయ్యి

మా మేనల్లుడు తిరుపతి బాలాజీ కాలనీలో మేడమీద గది అద్దెకు తీసుకుని, ఇద్దరు స్నేహితులతో కలిసి కంప్యూటర్ ఆట ఒకటి చేశాడు. ఘాట్ రోడ్డులో బస్సు నడపాలి, అంతే. విండోస్‌లో 4,000 కాపీలు అమ్ముడుపోయాయి. అంతటితో ఊరుకుని ఉంటే మీకు ఈ వ్యాసం చదివే బాధ తప్పేది. విండోస్ బదులు కొందరు వాడే ఉచిత వ్యవస్థ లినక్స్‌కూ పోర్ట్ చేస్తానన్నాడు, అంటే అందులోనూ ఆడేలా మారుస్తాడట. ఇంటి పెద్దగా లెక్క చూసే బాధ్యత నా మీద పడింది.

ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ నెలనెలా చేసే సర్వేలో 2025లో లినక్స్ వాళ్లు నూటికి ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లు. ఇద్దరనుకుందాం. 80 మంది. ఆట వెల 300. వచ్చేది 24,000. దుకాణం వాటా 30 శాతం పోగా 16,800. పని చేసే కుర్రాడికి నెలకు 25,000 చొప్పున మూడు నెలలు. తీసివేత మీరే చేసుకోండి, నాకు చెయ్యాడలేదు.

"అది కాదు మామా, వాళ్ల అభిమానం ఉంటుంది కదా" అన్నాడు. దాన్ని ఏ బ్యాంకులో వేస్తారో చెప్పలేదు.

రైల్వే స్టేషన్ దగ్గర నేను టిఫిన్ తినే హోటల్‌కు తీసుకెళ్లాను. ఉల్లి, వెల్లుల్లి తినని యాత్రికుల కోసం ఓనరు వేరే పొయ్యి పెట్టాడు. రోజుకు పోయేది పది ప్లేట్లు. మిగతా జనం సాంబారు పోయించుకుని, తిని, చెయ్యి కడుక్కుని పోతారు. ఆ పదిమంది మాత్రం గరిటె ఎవరు కడిగారు, ఏ తొట్టిలో కడిగారు అని అడుగుతారు. అడగడం వాళ్ల హక్కే. కానీ పొయ్యి ఖర్చు ఒక్కసారిది, జవాబులు చెప్పే మనిషి జీతం నెలనెలా. లినక్స్‌లోనూ ఒక్కొక్కరిది ఒక్కో డిస్ట్రో (లినక్స్‌లో ఒక రకం), కంప్యూటర్ భాగాల్ని నడిపే ఒక్కో డ్రైవర్ సాఫ్ట్‌వేర్.

చరిత్ర కూడా చెప్పాను. 1998లో అమెరికాలో లోకీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ అచ్చంగా ఈ పనే పెట్టుకుంది, ఇతరుల ఆటల్ని లినక్స్‌కు తెచ్చి అమ్మింది. 2002 జనవరికల్లా మూతపడింది. అక్కడ పనిచేసిన శామ్ లాంటింగా రాసిన ఎస్‌డీఎల్ మాత్రం, అంటే ఆటలో బొమ్మ, శబ్దం, మీటల పని చూసే కోడ్, ఇప్పటికీ బోలెడన్ని ఆటల్లో ఉంది, ఉచితంగా. పుణ్యానికైతే ఇది మంచి దారే.

వాడు వినలేదు. మొదటిరోజు ఆట తెరిస్తే బస్సు లేదు. డ్రైవరూ భక్తులూ గాల్లో కూర్చుని, వరుస తప్పకుండా మలుపులు తిరుగుతూ కొండెక్కుతున్నారు. బస్సు బొమ్మ ఫైలు పేరులో ఒకచోట పెద్ద బి, ఇంకోచోట చిన్న బి. విండోస్ పట్టించుకోదు, లినక్స్‌కు అవి రెండూ వేరు. రెండు రాత్రులు వెతికారు. అలాగే ఉంచేయండి, మహిమ అనుకుంటారు అన్నాను.

మూడు నెలలకు పోర్ట్ బయటికొచ్చింది. అందరికన్నా ముందు నుంచి అడిగిన అభిమాని జవాబు రాశాడు: విండోస్ కాపీనే డిస్కౌంట్‌లో కొనేశాడట, ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో చక్కగా ఆడుతోందట. ఆ ప్రోటాన్‌ను స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ 2018లోనే వదిలింది. విండోస్ ఆటను ఉన్నదున్నట్టు లినక్స్‌లో నడిపిస్తుంది, మనవాడు రూపాయి పెట్టకుండానే.

నిన్న మళ్లీ ఫోన్ చేశాడు.

"మామా, మ్యాక్‌కు కూడా అడుగుతున్నారు."

"ఎంతమంది?"

"ఒకాయన. కానీ చాలా గట్టిగా అడుగుతున్నాడు మామా."