క్యూనిఫారం గుర్తుకు కోడ్ దొరికింది, రూపం సంగతేమిటి?

మట్టి పలకల మీద మేకుల్లాంటి గీతలతో రాసిన ప్రాచీన క్యూనిఫారం లిపికి, కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య (కోడ్) కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో 2006లో చోటు దక్కింది. ఆ ఏడాది వచ్చిన 5.0 వెర్షన్‌లో అంకెలు, విరామ చిహ్నాలతో కలిపి 982 గుర్తులు చేరాయి. ఇంకా పాతకాలపు గుర్తులు మరో 196 చేరడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ పనిలో చిక్కంతా ఏది ఏ గుర్తో తేల్చడం దగ్గరే వచ్చింది.

ఇరాక్ గడ్డ మీద పుట్టిన ఈ లిపిని మూడు వేల ఏళ్లకు పైగా వాడారు. సుమేరియన్, అక్కాడియన్, హిట్టైట్ వంటి భాషలు దీనిలోనే రాశారు. ఆకాశానికీ దేవుడికీ వాడే 'అన్' గుర్తు మొదట్లో అచ్చం నక్షత్రం బొమ్మ. చాలా కాలం తర్వాత, ఉత్తర ఇరాక్ నుంచి ఏలిన అస్సీరియా చక్రవర్తుల నాటికి అందులో కొద్దిపాటి మేకు గీతలే మిగిలాయి, నక్షత్రం జాడే కనబడదు. మరి దీనికి ఒక కోడ్ ఇవ్వాలా, కాలానికొకటి ఇవ్వాలా? 2004లో ఈ లిపిని యూనికోడ్‌లో చేర్చాలని ప్రతిపాదన రాసిన మైఖేల్ ఎవర్సన్, కార్ల్‌యూర్గెన్ ఫాయర్‌హెర్మ్, స్టీవ్ టిన్నీ ఒకటే చాలన్నారు. క్రీస్తుపూర్వం 21వ శతాబ్దం నాటి మూడో ఊర్ రాజవంశపు (ఊర్ దక్షిణ ఇరాక్‌లోని ప్రాచీన నగరం) గుర్తుల పట్టికను ప్రధానంగా ఆధారం చేసుకున్నారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయం. తర్వాతి కాలంలో వేర్వేరు గుర్తులు కొన్ని కలిసిపోయి ఒకే రూపానికి వచ్చాయి. ఆ చివరి రూపాలను పట్టుకుని కోడ్లు ఇచ్చి ఉంటే పాత తేడాలన్నీ చెరిగిపోయేవి.

నోటి గుర్తు కడుపులో రొట్టె గుర్తు పెడితే 'తిను', నీటి గుర్తు పెడితే 'తాగు'. ఇలాంటి జంట గుర్తులకు కూడా విడిగా కోడ్లు ఇచ్చారు. తెలుగులో 'క్ష' రాయాలంటే క, పొల్లు, ష అని మూడు కోడ్లు కలపాలి. అక్కడ 'తిను' మొత్తానికి ఒకటే కోడ్. వెతుకులాటకు ఇదే తేలిక.

అయితే కోడ్ చెప్పేది అది ఏ గుర్తు అన్నదే. ఎలా కనబడాలన్నది ఫాంట్ చేతిలో ఉంది. ఊర్ కాలపు రసీదును అస్సీరియన్ ఫాంట్‌లో చూపిస్తే చదివేవాడు మోసపోతాడు. తేదీ లేని మట్టి పలక ఏ కాలానిదో పండితులు చాలాసార్లు గీతల తీరును బట్టే పోల్చుకుంటారు. ఆ ఆధారం కోడ్‌లోకి ఎక్కదు.

ఇప్పుడు ఈ సంగతి మరీ ముఖ్యం. 2023లో ఇజ్రాయెల్ పరిశోధకులు అక్కాడియన్‌ను ఇంగ్లిష్‌లోకి మార్చే కృత్రిమ మేధ నమూనాను ప్రకటించారు. యూనికోడ్ గుర్తులు నేరుగా ఇచ్చినప్పుడు అనువాద నాణ్యత స్కోరు వందకు 36.52, రోమన్ లిపిలోకి మార్చి ఇచ్చినప్పుడు 37.47. తేడా ఒక్క పాయింటు కూడా లేదు. యంత్రానికి కోడ్ సరిపోతోంది కాబట్టి ఇకపై పలక ముఖం చూడకుండానే పాఠాలు కుప్పలుగా పోగుపడతాయి. నా భయమంతా అదే. క్యూనిఫారం డిజిటల్ లైబ్రరీ ఇనీషియేటివ్ అనే వెబ్‌సైట్ చాలా పలకలకు ఫొటో, రేఖాచిత్రం, రోమన్ పాఠం ఒకే పేజీలో ఇస్తోంది. యూనికోడ్‌లో పాఠాలు విడుదల చేసేవాళ్లందరూ పలక ఫొటోను, ఆ కాలానికి తగిన ఉచిత ఫాంట్‌ను తప్పనిసరిగా జత చేయాలి. ఈ ప్రాజెక్టులకు డబ్బిచ్చే సంస్థలు కూడా ఆ షరతు పెట్టాలి.